క్లిఫ్స్ ఆఫ్ డోవర్ బ్లిట్జ్‌లో స్పిట్‌ఫైర్: 1940 టెస్ట్ లెక్కలతో పోల్చి చూశాను

క్లిఫ్స్ ఆఫ్ డోవర్ బ్లిట్జ్ అంటే రెండో ప్రపంచ యుద్ధం విమానాలు తోలే కంప్యూటర్ గేమ్. అందులోని బ్రిటిష్ యుద్ధ విమానం స్పిట్‌ఫైర్ కోసమే అయితే ఈ గేమ్ కళ్ళు మూసుకుని కొనుక్కోండి. మా విజయనగరం కుర్రోళ్ళ గ్రూపులో ఎప్పుడూ ఒకటే గొడవ, "అన్నా, అసలుది గంటకి 362 మైళ్ళు కొట్టేది, గేమ్‌లో అంత రావట్లేదు ఏటి?" అని. 362 నిజమే, కాకపోతే అది కే9787 అనే నంబరు విమానానిది, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మొట్టమొదటి స్పిట్‌ఫైర్, దానికి రెండు బ్లేడ్ల చెక్క ప్రొపెల్లర్, 18,500 అడుగుల దగ్గర వచ్చిన స్పీడ్ అది. 1940లో టెస్ట్ చేసిన ఎన్3171 నంబరు దానికి బుల్లెట్‌ప్రూఫ్ అద్దం, కాన్‌స్టంట్ స్పీడ్ ప్రొపెల్లర్ (బ్లేడ్ల కోణం తనే మార్చుకుని ఒకే వేగంతో తిరిగేది) అన్నీ వచ్చి బరువెక్కింది, 18,900 అడుగుల దగ్గర 354 మాత్రమే. గేమ్‌లో మనం తోలేది ఈ రెండో రకం బాబూ, దీంతో పోల్చాలి.

ఇంకోటి, అంత ఎత్తులో స్పీడ్ డయల్ 265 చుట్టుపక్కల చూపిస్తే చాలామంది అక్కడే తిట్టడం మొదలెడతారు. పైన గాలి పల్చన కాబట్టి డయల్ తక్కువే చూపిస్తాది, లెక్క కడితే అసలు స్పీడ్ 350 దగ్గరకొస్తాది. వాతావరణం కూడా నేల మీద 15 డిగ్రీలు పెట్టుకోవాలి, అప్పటి లెక్కలన్నీ దానికే సరిచేసి రాశారు, మన మే నెల ఎండకి కాదు. ఇంజిన్ చల్లబరిచే రేడియేటర్ బార్లా తెరిస్తే గాలి అడ్డుకుంటాది, అలా పెట్టుకుని స్పీడ్ రాలేదంటే ఎలగ?

నాకు బాగా నచ్చింది పెట్రోల్ సంగతి. ఆక్టేన్ ఎంత ఎక్కువుంటే పెట్రోల్ అంత ఎక్కువ ఒత్తిడి తట్టుకుంటాది. 87 ఆక్టేన్‌తో బూస్ట్ (ఇంజిన్‌లోకి గాలి నెట్టే ఒత్తిడి) ఆరుంపావు పౌండ్లు, 100 ఆక్టేన్‌తో 12 దాకా లాగొచ్చు. ఆ 12 వల్ల కింద ఎత్తుల్లో పాతిక మైళ్ళకి తక్కువ కాకుండా కలిసొస్తాది, 18,000 అడుగులు దాటాక మాత్రం సూపర్‌ఛార్జర్ (ఇంజిన్‌లోకి గాలి తోసే పంపు) అంత గాలి నెట్టలేదు కాబట్టి రెండూ ఒకటే. గేమ్‌లో 100 ఆక్టేన్ మోడల్ వేరేగా ఇచ్చారు, కింద పరిగెత్తి పైకెళ్ళేసరికి ఆ తేడా కరిగిపోవడం చూస్తే ఒళ్ళు పులకరించింది నాకైతే.

ముక్కు గభాల్న కిందకి తోస్తే ఇంజిన్ దగ్గి ఆగినంత పనవుతాది, పెట్రోల్ అందించేది కార్బ్యురేటర్ మరి, అలా తోస్తే పెట్రోల్ సరిగ్గా అందదు, ఈలోగా పెట్రోల్ నేరుగా ఇంజిన్‌లోకి చిమ్మే ఇంజెక్షన్ ఉన్న జర్మన్ విమానం మెసర్‌ష్మిట్ దిగి పారిపోతాది. బ్రిటిష్ ఇంజినీర్ బీట్రిస్ షిల్లింగ్ గారు 1941లో చిన్న బిళ్ళ పెట్టి ఆ బాధ చాలావరకు తగ్గించారు.

కాల్చి పడేయడమే కావాలంటే ఇది మీకు బోరు. లేదంటే సేల్‌లో కొని, 100 ఆక్టేన్‌ది తీసుకుని ముందు 10,000 అడుగుల దగ్గర స్పీడ్ చూడండి, 18,000 తర్వాత చూద్దురు.