తొట్లకొండ–భీమిలి ‘నడక టూరు’కి డబ్బు కట్టబోతున్నారా? ఆగండి

విశాఖలో ఈమధ్య ఫోన్ తెరిస్తే చాలు, ఈ ప్రకటనే. తొట్లకొండ దగ్గర మొదలుపెట్టి, పల్లెదారుల్లో తాటితోపులూ జీడితోటలూ దాటి, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి పక్కన పాత బౌద్ధ విహారాలున్న పావురాలకొండ చూసుకుని సాయంత్రానికి భీమిలి సముద్రం దగ్గర తేలే ఒక్కరోజు కాలినడక. తలకి 1,499 రూపాయలు. ఫిబ్రవరి ఆఖరి ఆదివారం నేనూ, అక్కా, తొమ్మిదో తరగతి చదివే మేనల్లుడూ వెళ్ళాం. నిర్వాహకుల పేరు ఇక్కడ రాయను. ప్రకటన చూస్తే మీకే తెలుస్తుంది.

ఐదున్నరకి బయల్దేరతామన్నారు. వ్యాను వచ్చేసరికి ఎనిమిది ముప్పావు. సముద్రపు గట్టున ఆ వేళకి ఎండ ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. పోనీ కొండైనా నడిచి ఎక్కుతామనుకుంటే వ్యాను నేరుగా పైదాకా ఎక్కేసింది.

గైడు ఉంటాడన్నారు, ఉన్నాడు. రాతిలో తొలిచిన తొట్లు చూపించి ‘ఇవి రాజులు జలకాలాడిన కొలనులు’ అన్నాడు. మావాడు అక్కడున్న బోర్డు చదివొచ్చి ‘మావయ్యా, ఇవి బౌద్ధ భిక్షువుల నీళ్ళ తొట్లట’ అని నా చెవిలో గొణిగాడు. కొండకి ఆ పేరొచ్చిందే వాటివల్ల! నౌకాదళం వాళ్ళు స్థావరం కోసం సర్వే చేస్తుంటే ఈ చోటు కంటపడిందనీ, 1988 నుంచి 1993 దాకా తవ్వకాలు జరిగాయనీ చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? మహాస్తూపం, భిక్షువుల గదులు, భోజనశాల... అన్నీ కలిపి ఇరవై నిమిషాలు. ‘పదండి, పదండి’ అంటూ తోలుకొచ్చేశారు.

తరవాతే అసలు మోసం. పల్లెదారి అన్నది లేనేలేదు. బీచ్ రోడ్డు తారు మీద, బస్సులూ బుల్లెట్లూ చెవి పక్కనుంచి దూసుకుపోతుంటే నాలుగు కిలోమీటర్లు నడిపించారు. అక్క కాళ్ళు బొబ్బలెక్కాయి. మంచినీళ్ళు ‘ప్యాకేజీలోవే’ అన్నవాళ్ళు రెండో సీసాకి నలభై రూపాయలు పుచ్చుకున్నారు. మధ్యాహ్నం భోజనమంటే ఆకులో చల్లారిన పులిహోర. అది మాత్రం బాగుంది, అబద్ధం ఎందుకు ఆడాలి.

ఎర్రమట్టి దిబ్బల దగ్గర నాకు కోపం ఆగలేదు. భూవిజ్ఞాన సర్వే సంస్థ జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించిన చోటు అది. దక్షిణాసియాలో ఇలాంటి ఎర్ర ఇసుక దిబ్బలు తమిళనాడులోనూ శ్రీలంకలోనూ తప్ప మరెక్కడా లేవు. వానకి కోసుకుపోయే మెత్తటి గట్లు. వాటి మీంచి పిల్లల్ని జారమని, వీడియో కోసం చప్పట్లు కొట్టించారు. కాపలా మనిషి ఈల వేశాక ఆపారు, అదీ మమ్మల్ని ముందుకి నెట్టి వాళ్ళు వెనక్కి జారుకుని.

పావురాలకొండ? ‘టైము చాల్లేదు సార్.’ నేను డబ్బు కట్టిందే దానికోసం. డచ్చివాళ్ళ సమాధులు గేటు ఊచల సందుల్లోంచి చూపించారు, తాళం వేసుంది. ఆఖరికి గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటికి తీసుకెళ్ళి ‘దిగండి, స్నానాలు చేయండి’ అన్నారు. ఏటి వడీ అలల లాగుడూ కలిసే చోట ఈత రానివాళ్ళని దిగమంటారా? తాడు లేదు, ఈతగాడు లేడు. ఇద్దరు కుర్రాళ్ళు మోకాలి లోతుకి దిగారు, పక్కన వలలు బాగుచేసుకుంటున్న పెద్దాయన కేకలేసి బయటకి రప్పించాడు.

డబ్బు తిరిగి అడిగితే ‘ప్లాన్ మారవచ్చు అని షరతుల్లో ఉంది’ అన్నారు. ఆ షరతులు మాకు ఎప్పుడూ పంపలేదు. మర్నాటికి వాట్సాప్ గ్రూపులోంచి నన్ను తీసేశారు. డబ్బు వెళ్ళింది ఎవరిదో సొంత యూపీఐ నంబరుకి, రసీదు లేదు. ఉన్న స్క్రీన్‌షాట్లన్నీ పెట్టి 1915కి, అంటే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫిర్యాదు చేశాను.

అయినా వెళ్తామంటారా, డబ్బు పంపేముందు మూడు ముక్కలు రాతలో అడగండి: నడక ఎన్ని కిలోమీటర్లు, అందులో తారు రోడ్డు ఎంత, పావురాలకొండ పైకి ఎక్కిస్తారా లేదా. మమ్మల్ని అడిగితే గైడే అక్కర్లేదు. మరుసటి ఆదివారం తెల్లవారుజామున మేం ముగ్గురం 900కె బస్సెక్కి భీమిలిలో దిగి, పావురాలకొండ మేమే ఎక్కాం. పైన రాతి తొట్లు, విహారాల పునాదులు, కింద ఊరు, ఆ వెనక గోస్తని మలుపు. ఇడ్లీలు, టీలు, రానూపోనూ టిక్కెట్లు అన్నీ కలిపి మూడొందలు దాటలేదు.

నిన్న అదే ప్రకటన మళ్ళీ వచ్చింది. ఇప్పుడు 1,799. పైన పెట్టిన ఫొటో మాత్రం పావురాలకొండదే.