బ్రెడ్డు కోసే కత్తి సెట్టు: ఆ పేజీలో మాత్రం కొనకండి

ఆ కత్తీ, దాంతో పాటు బ్రెడ్డు లోపల పెట్టి కోయడానికి కత్తి దూరే గాళ్లున్న చెక్క డబ్బా వచ్చే సెట్టు గురించే. ఏ పేజీయో నేను చెప్పను, చెప్పక్కర్లేదు కూడా. ఇంట్లో బ్రెడ్డు చేసుకునేవాళ్ళ ఫోన్లో రోజుకి మూడుసార్లు వచ్చే రీలే. కత్తి ఆనించగానే బ్రెడ్డులోకి వెన్నలోకి దిగినట్టు దిగుతుంది, ముక్కలు పేకముక్కల్లా వరసగా ఒరుగుతాయి, వెనకాల వీణ. నేను ఆ వీణకే పడిపోయానేమో!

కొరియర్‌తో కలిపి 1,849 రూపాయలు, మొత్తం ముందే కట్టాలి. అక్కడే బుద్ధి రావాలి. రాలేదు.

గురువారం వచ్చింది. నిన్న మా ఆడపడుచు పిల్లలు వస్తున్నారని పొద్దున్నే లేచి పాల బ్రెడ్డు చేశాను. అంత బాగా పొంగింది నాకెప్పుడూ రాలేదు, దూదిలా ఉంది. జాలీ మీద పెట్టి మూడు గంటలు చల్లార్చాను. గంటలు లెక్కపెట్టి మరీ ఎందుకు చెప్తున్నానంటే, వేడి మీద కోస్తే లోపలి ఆవిరికి గుజ్జు కత్తికి బంకలా అంటుకుంటుందని నాకూ తెలుసు. ఆ తప్పు నేను చెయ్యలేదు.

తీరా చూస్తే లోఫు ఆ డబ్బాలో పట్టదు. అందరి ఇళ్ళలో ఉండే మామూలు టిన్నులో కాల్చిందే, పక్కలు నొక్కి కూరితే గానీ దిగలేదు. గాళ్లు కత్తి మందానికి రెండింతలున్నాయి, కత్తి అందులో ఊగుతోంది. పైన సన్నగా మొదలైన ముక్క కిందికొచ్చేసరికి పీటలా తేలింది. ఇక కత్తి పళ్ళంటారా, చూడ్డానికి మొసలి నోరే, వేలితో తడిమితే మా పిల్లాడి ప్లాస్టిక్ దువ్వెన. నొక్కకుండా రంపంలా ముందుకీ వెనక్కీ ఆడిస్తే పై పొర తెగాలి కదా, తెగలేదు, సొట్టపడింది. కొంచెం బలం పెట్టాను. మధ్యలో చీలి, పైభాగం పెంకులా చేతిలోకి ఊడొచ్చింది. మా అత్తయ్య కత్తిపీట ముందేసుకుని కోసినా ఇంతకన్నా నయంగా వచ్చేది. ఆవిడ పక్కనే ఉన్నారు, ఏమీ అనలేదు. అదింకా బాధ.

ఫోటోలు తీసి పంపాను. పార్సిల్ విప్పిన వీడియో కూడా పంపాను, అది లేకపోతే వాపసు లేదని రాశారు కదా అని. "వీడియో ప్యాకింగ్ డ్యామేజీకి మాత్రమే మేడం" అన్నారు. గమనించారా, మేడం! డబ్బు కట్టేదాకా అక్కా, డబ్బు పడ్డాక మేడం. రెండోసారి అడిగితే వాయిస్ మెసేజ్ వచ్చింది: "మేడం, మా కత్తి బాగానే ఉంది, ముందు మీరు బ్రెడ్డు చెయ్యడం నేర్చుకోండి." వెనకాల ఎవరో కిసుక్కున నవ్వడం కూడా వినిపించింది.

అక్కడితో ఆగినా ఈ పోస్టు రాసేదాన్ని కాదు, పోనీలే అనుకునేదాన్ని. రాత్రి తొమ్మిదింటికి మా చెల్లెలు ఫోన్ చేసి "అక్కా, ఆ పేజీ స్టోరీలో ఉన్నది మీ వంటింటి గట్టే కదా?" అంది. చూద్దును కదా, నా బ్రెడ్డే. నేను ఫిర్యాదుకి పంపిన ఫోటోనే. చిరిగిన ముక్కలూ, నా గాజుల చెయ్యీ అంతా కనిపిస్తోంది. పైన నవ్వే బొమ్మలు పెట్టి "మీ బ్రెడ్డూ ఇలాగే వస్తోందా? మా ఆన్‌లైన్ క్లాసులో చేరండి, 999 మాత్రమే" అని రాశారు. నా డబ్బు తీసుకుని, నా పరువుతోనే ఇంకో వ్యాపారం! స్క్రీన్‌షాట్ తీసి ఇదేంటని అడిగాను. మేడం కూడా పోయింది, బ్లాక్ చేశారు.

రాత్రంతా ఆ రీలే తిప్పి తిప్పి చూశాను, పిచ్చిదానిలా. ఇప్పుడు కనిపిస్తోంది. ఒక్క పొడి రాలదు, ముక్క ఒంగదు. అది కొట్టు బ్రెడ్డు, ఫ్రిజ్‌లో పెట్టి గట్టిపడింది. దాన్ని కూరగాయల కత్తితో కోసినా పేకముక్కలే. ముందే చూసుండాల్సింది, ఏం లాభం.

ఇవాళ పొద్దున మిగిలిన సగం లోఫుని, ఎప్పుడో కేకు కోయడానికి బజార్లో కొన్న పాత పళ్ళ కత్తితో కోశాను. పక్కకి పడుకోబెట్టి, మెత్తటి పైభాగం కాకుండా గట్టి పక్క వైపు నుంచి, బరువు వెయ్యకుండా. బాగానే వచ్చింది. ఆ కత్తి ఖరీదు 120.

కొనాలనే ఉంటే ఎవరి దగ్గరైనా సరే, అదే రోజు చేసిన బ్రెడ్డు కోసే వీడియో అడగండి, డబ్బా లోపలి వెడల్పు అడిగి మీ టిన్నుతో కొలుచుకోండి. ముఖం, చెయ్యి, గట్టు కనిపించే ఫోటోలు పంపకండి. నేను 1915కి, అదే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. మీలో ఎవరైనా ఈ సెట్టు కొనుంటే, డబ్బు కట్టిన రసీదు దాచిపెట్టుకుని నాకు మెసేజ్ పెట్టండి. చిరిగిన ముక్కలు పొడి చేసి కట్‌లెట్లకి వాడేశాను. చెక్క డబ్బాలో అత్తయ్య వెల్లుల్లి పోశారు.