ప్రశ్న మోసుకుని వెళ్లిన చోట్లు

నాన్నగారు పోయి ఏడాది దాటినా, మనిషి వెళ్లిపోయాక మిగిలేదేమిటన్న ప్రశ్న నన్ను వదలలేదు. అటువంటి ప్రశ్నలతోనే జనం తరతరాలుగా వెళ్తున్న చోట్లు కొన్నింటికి నేనూ వెళ్లాను. వాటి మహిమను తూచే అర్హత నాకు లేదు. అక్కడి బస, దినచర్య, ఆతిథ్యం ఆలోచనకు ఎంత చోటిచ్చాయో మాత్రం చెప్పగలను.

జపాన్‌లోని కొండ మీది ఆలయ క్షేత్రం కోయాసాన్‌ను కూకై అనే బౌద్ధ భిక్షువు 9వ శతాబ్దంలో నెలకొల్పారు. ఒసాకాలోని నంబా నుంచి రైలులో వెళ్లి, చివర నిటారైన కొండను కేబుల్ కారులో ఎక్కాలి. అక్కడి వందకు పైగా ఆలయాలలో దాదాపు యాభై యాత్రికులకు బస ఇస్తాయి. నాకు దొరికిన గది శుభ్రంగా, చాప మీద పరిచిన పరుపుతో హాయిగానే ఉంది గానీ, పక్క గదిలోని దగ్గు సైతం వినిపించేటంత పలుచగా ఉన్నాయి గోడలు. మాంసం, చేప లేని భోజనం సాయంత్రం పెందలాడే పెట్టేస్తారు. తెల్లవారుజామున ప్రార్థనకు రమ్మంటారు. భిక్షువుల మర్యాదకు వంక పెట్టలేము, అయితే ఆ మర్యాద ముందు ప్రశ్న అడగడానికే నాకు నోరు రాలేదు.

అడగవలసిన అవసరం కూడా అక్కడి ఓకునోయిన్ శ్మశానంలో తగ్గింది. దేవదారుల నడుమ దాదాపు 2 కిలోమీటర్ల దారికి ఇరువైపులా 2,00,000కు పైగా సమాధులున్నాయి. వాటి మధ్య చెదపురుగుల నిర్మూలన వృత్తిలోని వారి సంఘం, తాము చంపిన చెదపురుగుల స్మృతికి నిలిపిన రాయి కూడా ఒకటుంది. చూసి నవ్వాను, ఆ తరువాత చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. దారి చివర కూకై సమాధి ఉంది. ఆయన మరణించలేదని, అక్కడ ధ్యానంలోనే ఉన్నారని నమ్మే భిక్షువులు రోజుకు రెండుసార్లు ఆయనకు భోజనం తీసుకువెళ్తారు. పన్నెండు వందల ఏళ్ల నాటి మనిషికి ఈ పూట వడ్డన ఆలస్యం కాకూడదన్న ఆ శ్రద్ధను చూశాక, నా ప్రశ్నను నేను తప్పుగా వేసుకున్నానేమోనన్న అనుమానం మొదలైంది.

మహారాష్ట్రలోని ఇగత్‌పురిలో జరిగే పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరం ఇందుకు పూర్తిగా భిన్నం. ఫోను, పుస్తకం, కలం ముందే అప్పగించాలి, తోటివారితో మాట్లాడకూడదు, ఉదయం 4 గంటలకే గంట మోగుతుంది. రుసుము లేదు, శిబిరం పూర్తి చేసినవారి నుంచే విరాళం తీసుకుంటారు. మధ్యాహ్నం ఆచార్యులను కలిసి మరణం గురించి అడిగితే, సాధనకు సంబంధించిన సందేహం ఏదైనా ఉందా అని తిరిగి నన్నే అడిగారు. అప్పుడు నొచ్చుకున్నాను. మోకాళ్ల నొప్పి ఆరవ రోజు వరకూ వేరే ఆలోచనే రానివ్వలేదు గనుక, ఆయన చెప్పినదే సబబు.

సముద్రపు ఒడ్డున జీవిత పరమార్థం తెలుపుతామన్న ఒక ఖరీదైన విడిది గురించి రెండు మాటలు చాలు. చివరి రోజు ఇచ్చిన కవరు తెరిస్తే, నా జీవిత లక్ష్యమూ పక్క గదివారి లక్ష్యమూ అక్షరం పొల్లుపోకుండా ఒక్కటే.

నాకు ఎక్కువ మేలు చేసినది మాత్రం ఫ్రాన్స్ సరిహద్దు నుంచి స్పెయిన్‌లోని క్రైస్తవ పుణ్యక్షేత్రం సాంతియాగోకు సాగే సుమారు 780 కిలోమీటర్ల కాలినడక యాత్ర. దారిలోని ప్రభుత్వ సత్రాలలో సాధారణంగా ముందస్తు బుకింగు ఉండదు, ఒక్క రాత్రికే చోటు, రాత్రి 10కి దీపాలార్పి ఉదయం 8 లోపు పంపేస్తారు. అంతస్తుల మంచాలు, గురకలు, తడి బూట్ల వాసన తప్పవు. అయినా పాదాల బొబ్బలకు మందు రాస్తూ, పేరైనా అడగకుండా ఒకరికొకరు చెప్పుకునే మాటల్లో ఉన్నంత నిజాయితీ నాకు మరెక్కడా కనబడలేదు. నాన్నగారి చివరి వారం గురించి ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతులు, మళ్లీ చూడబోని ఒక వృద్ధురాలికి చెప్పాను. ఆమె జవాబేమీ చెప్పలేదు, మర్నాడు నాకన్నా ముందే లేచి వెళ్లిపోయింది.

యాత్ర పూర్తిచేసినట్టు ఇచ్చే ధ్రువపత్రానికి చివరి 100 కిలోమీటర్లు నడిస్తే చాలు గనుక, ఆ దూరానికి కాస్త ముందున్న సార్రియా అనే ఊరు దాటాక రద్దీ బాగా పెరిగి, పడక కోసం పరుగుపందెం మొదలవుతుంది. మరోసారి వెళ్తే అక్కడ అడుగుపెట్టే ముందే ఆగిపోయి, మిగిలిన రోజులు కోయాసాన్‌లో గడుపుతాను. అక్కడ ఒక్క రాత్రి ఏమాత్రం చాలలేదు.