ఎగిరే సిమ్యులేటర్ హెలికాప్టర్: ఫీడ్‌బ్యాకా, మోడల్ ఫాలోయింగా?

ఎగిరే సిమ్యులేటర్ అంటే గాల్లోనే మరో విమానంలా స్పందించే హెలికాప్టర్. దాన్ని అలా స్పందించేలా చేయడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి.

ఫీడ్‌బ్యాక్ పద్ధతిలో జైరో (తిరిగే వేగాన్ని కొలిచే పరికరం) కొలిచిన కోణీయ వేగాన్ని, వంపును గెయిన్లతో (ఎంత బలంగా సరిచేయాలో చెప్పే గుణకాలతో) గుణించి యాక్చుయేటర్‌కు (రోటర్ నియంత్రణను కదిపే భాగానికి) కలుపుతారు. రోల్ డ్యాంపింగ్ (పక్కకు ఒరిగే కదలికను అణిచే గుణం) పెంచాలంటే ఒక్క గెయిన్ మారిస్తే చాలు. చిక్కు ఏమిటంటే, గెయిన్ పెరిగేకొద్దీ రోటర్ బ్లేడ్ల లీడ్-లాగ్ కదలిక (తిరిగే తలంలోనే ముందుకూ వెనక్కూ ఊగడం) అస్థిరమవుతుంది. బిఓ-105 హెలికాప్టర్‌కు ఉన్నటువంటి హింజ్ (కీలు) లేని రోటర్లలో ఈ హద్దు త్వరగానే ఎదురవుతుంది. పైగా 60 నాట్ల వేగం దగ్గర కుదిరిన గెయిన్లు హోవర్‌లో (గాల్లో ఒకేచోట నిలిచినప్పుడు) పనికిరావు.

మోడల్ ఫాలోయింగ్‌లో పైలట్ స్టిక్ సంకేతం ముందు కంప్యూటర్‌లోని మోడల్‌కు వెళ్తుంది. ఆ మోడల్ ఇచ్చిన స్పందన నిజంగా రావడానికి యాక్చుయేటర్ ఎంత కదలాలో, ఎగురుతున్న హెలికాప్టర్ విలోమ మోడల్ (కావలసిన స్పందన నుంచి వెనక్కి లెక్కించే నమూనా) లెక్కగడుతుంది. మిగిలిన తేడాను మాత్రమే ఫీడ్‌బ్యాక్ సరిచేస్తుంది. జర్మనీ విమానయాన, అంతరిక్ష పరిశోధన సంస్థ డీఎల్‌ఆర్ తన పరిశోధన హెలికాప్టర్లయిన బిఓ-105 అట్హెస్‌లోనూ, తర్వాత ఈసీ-135 ఎఫ్‌హెచ్‌ఎస్‌లోనూ ఈ బాటే పట్టింది. కొత్త విమానం కావాలంటే మోడల్ మారిస్తే సరి. కానీ విలోమ మోడల్‌కు ఫ్లైట్ టెస్ట్ డేటాతో గుర్తించిన గణిత నమూనా కావాలి. అసలు శ్రమంతా అక్కడే. స్కిడ్ (చక్రాల బదులు ఉండే దిగుడు పట్టీ) నేలను తాకగానే ఫీడ్‌బ్యాక్‌లోని ఇంటిగ్రేటర్‌ను (తేడాను కూడుతూ పోయే భాగాన్ని) ఆపకపోతే, తేడా పేరుకుపోయి సైక్లిక్ (రోటర్‌ను వంచే నియంత్రణ) ఒక పక్కకు జరుగుతూ పోతుంది.

రోటర్, యాక్చుయేటర్ల ఆలస్యాన్ని ఏ పద్ధతీ చెరపలేదు. అంతకన్నా చురుకైన విమానాన్ని అనుకరించడం కుదరదు; మందకొడిదాన్ని మాత్రం హాయిగా చేయొచ్చు.

హ్యాండ్లింగ్ రేటింగులు (నడపడం ఎంత సులువో పైలట్లు ఇచ్చే మార్కులు) తీసుకునే పనికి మోడల్ ఫాలోయింగే నయం. డ్యాంపింగ్ ఒక్కటే పరిశీలించాలంటే ఫీడ్‌బ్యాక్ చాలు. ఏదైనా సరే, ప్రమాదం వస్తే నియంత్రణ తీసుకునే సేఫ్టీ పైలట్ చేతిలోని స్టిక్ యాక్చుయేటర్‌తో పాటే కదులుతూ ఉండాలి. హార్డోవర్ (లోపం వల్ల యాక్చుయేటర్ ఒక్కసారిగా చివరి హద్దుకు వెళ్లడం) వచ్చినప్పుడు ఆయన చేతికే ముందుగా తెలుస్తుంది.