మిథైల్ యూజినాల్ ఎర బుట్ట: నిండింది సరే, కాయ దక్కిందా?

మామిడి, జామ తోటల్లో పండు ఈగకు కట్టే రెడీమేడ్ బుట్ట ఇది. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, పక్కన రంధ్రాలు, కొమ్మకు తగిలించే తీగ, లోపల వేలాడే ప్లైవుడ్ ముక్క. అసలు సరుకు ఆ చెక్క ముక్కే. అందులో ఇంకిన మిథైల్ యూజినాల్ అనే వాసన పదార్థం కోసం మగ ఈగలు వస్తాయి, చెక్కను నాకి, దానికి పట్టించిన పురుగుమందుతో చస్తాయి. చెట్టు మీద చుక్క మందు పడదు. ఈగలున్న తోటలో కట్టిన కాసేపటికే ముసురుతాయి కాబట్టి, ఎర బలానికి వంక పెట్టలేం.

చిక్కల్లా ఏమిటంటే, పడేవన్నీ మగవి. కాయను గుచ్చి గుడ్లు పెట్టేది ఆడది. ఒక్క మగ ఈగ చాలా ఆడవాటితో జతకట్టగలదు, అందుకే సగం మగవి చచ్చినంత మాత్రాన గుడ్లు సగానికి తగ్గవు. దాదాపు అన్నీ పోవాలి. 1960వ దశకంలో పసిఫిక్‌లోని రోటా దీవిలో ఇదే ఎరతో ఓరియంటల్ పండు ఈగను నిర్మూలించిన మాట నిజమే. కానీ అది చుట్టూ సముద్రమున్న దీవి. రెండెకరాల తోటలోకి అప్పటికే జతకట్టిన ఆడ ఈగ పక్క తోట నుంచి ఎగిరొస్తుంది. చుట్టుపక్కల తోటలన్నీ ఒకేసారి కడితేనే ఈ బుట్ట పూర్తి ఫలితమిస్తుంది.

ఈగల జాడ కనిపెట్టడానికైతే ఎకరాకు రెండు బుట్టలు చాలు. మగవాటిని తుడిచిపెట్టాలంటే ఆరు నుంచి పది కావాలి. కోతకు రెండు నెలల ముందే, మీటరున్నర ఎత్తులో, నీడలో కట్టాలి. ఎండ తగిలితే ఎర త్వరగా ఆవిరైపోతుంది. ఆకులు రంధ్రాలకు అడ్డం రాకూడదు. తీగకు గ్రీజు పూయకపోతే చీమలు చచ్చిన ఈగలను ఎత్తుకెళ్తాయి, లెక్క తప్పుతుంది. అడుగున నీరు కారే రంధ్రం లేని డబ్బా అయితే కొనకండి. చెక్కను గ్లౌజులతోనే పట్టుకోవాలి. ఆ తడి డబ్బా బయట అంటితే ఈగలు లోపలికి పోకుండా బయటే వాలతాయి.

వారానికోసారి ఈగలను లెక్కపెట్టి పారబోయాలి. మొత్తం ఈగలను బుట్టల సంఖ్యతో, రోజులతో భాగించండి. నాలుగు బుట్టల్లో ఏడు రోజులకు 84 పడితే, బుట్టకు రోజుకు 3 అన్నమాట. ఈ అంకె పడిపోతే ఈగలు తగ్గాయా, వాసన తగ్గిందా? ఒక బుట్టలో కొత్త ముక్క వేలాడదీస్తే తెలిసిపోతుంది. మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాలకు ముక్క మార్చాలి.

ఆడ ఈగల సంగతి వేరే చూసుకోవాలి. గుడ్లు పరిపక్వం కావడానికి వాటికి మాంసకృత్తులు కావాలి. అందుకే స్పైనోసాడ్ అనే పురుగుమందు కలిపిన ప్రోటీన్ ఎరను కాయల మీద కాకుండా ఆకుల మీద అక్కడక్కడ మచ్చలుగా కొడతారు. వాన పడితే మళ్లీ కొట్టాల్సిందే. ఇంతకన్నా ముఖ్యం రాలిన పండ్లను ఏరడం. వాటిలోని పురుగు బయటికొచ్చి మట్టిలో కోశస్థ దశకు (ఈగగా మారే ముందటి ప్యూపా దశ) చేరుతుంది, అందుకే ఏరిన పండ్లను రెండడుగుల లోతున పూడ్చాలి, లేదా మందపాటి ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి ఎండలో ఉంచాలి. పేడగుంటలో విసిరేస్తే మాత్రం ఈగలను పెంచుకున్నట్టే.

కాకర, దోస, బీర పండించేవారికి ఈ బుట్ట దండగ. వాటిని పట్టే ఈగకు క్యూల్యూర్ అనే వేరే ఎర కావాలి. రెండు ఎరలూ ఒకే డబ్బాలో పెట్టకూడదు. మధ్యధరా పండు ఈగ మిథైల్ యూజినాల్‌కు రాదు, దానికి ట్రైమెడ్‌ల్యూర్ వాడతారు. సేంద్రియ ధ్రువీకరణ ఉన్నవారు చెక్కకు పట్టించిన మందు ఏదో చూసి, ధ్రువీకరణ సంస్థను అడిగాకే కొనాలి.