ఏడురోడ్ల పాత పుస్తకాల కొట్టు: నెమో కథ మొత్తం దొరికే చోటు

కడపలో ఫ్రెంచి రచయిత జూల్స్ వెర్న్ నవలలు కుదించినవి కాకుండా పూర్తి ప్రతులు కావాలంటే ఏడురోడ్ల కూడలి దగ్గర సందులో, మెట్ల కింద ఉన్న పాత పుస్తకాల కొట్టుకు వెళ్లండి. బోర్డు లేదు. బయట తాడుకు వేలాడే పోటీ పరీక్షల గైడ్లే గుర్తు. హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పే నేను ‘మిస్టీరియస్ ఐలాండ్’ ఆంగ్ల ప్రతిని అక్కడ 120 రూపాయలకు కొన్నాను. అట్ట నలిగింది గానీ ఒక్క పేజీ పోలేదు.

ఆ పుస్తకం కోసమే ఎందుకు తిరిగానంటే, మా బడిలో ఉన్న సంక్షిప్త ప్రతిలో అసలు సంగతే ఎగరగొట్టారు. నాటిలస్ అనే జలాంతర్గామి కెప్టెన్ నెమో వస్తాడు, చనిపోతాడు, ఎవరో చెప్పరు. 1875 నాటి మూలంలో ఆయన బుందేల్‌ఖండ్ రాజకుమారుడు డక్కర్, టిప్పు సుల్తాన్‌కు దగ్గరి బంధువు. పదేళ్లకే చదువుకోసం ఐరోపా వెళ్లి, తిరిగొచ్చి, 1857 తిరుగుబాటులో పోరాడి, భార్యాబిడ్డలను పోగొట్టుకుని సముద్రగర్భం చేరినవాడు. ఇది తీసేస్తే పిల్లల చేతిలో మిగిలేది ఏమిటి? పైగా కడప పిల్లలు! హైదర్, టిప్పుల ఏలుబడి చూసి, 1792లో నిజాంకు, 1800లో కంపెనీకి దఖలుపడిన నేల ఇది. ఆ తేదీలు చెబితే ఆవలించే తరగతి, డక్కర్ కథ విన్నాక టిప్పు గురించి ప్రశ్నల మీద ప్రశ్నలు వేసింది.

కొట్టు నడిపే పెద్దాయన పుస్తకాలు చదివిన మనిషి. “మేడం, ముందు నెమో మొదట కనిపించే నవల ‘ట్వంటీ థౌజండ్ లీగ్స్’లో ముత్యాల ఘట్టం చూడండి, ఆనవాలు అక్కడే ఉంది” అంటూ పేజీ తీసి చూపించారు. సింహళ తీరాన ముత్యాల కోసం మునిగిన పేదవాణ్ణి సొరచేప బారినుంచి కాపాడి, నెమో అతని చేతిలో ముత్యాల సంచి పెడతాడు. తానూ ఆ అణగారిన దేశం వాడినేనని తర్వాత అంటాడు. వెర్న్ మొదట నెమోను రష్యా బాధితుడైన పోలండ్ వాడిగా అనుకున్నాడనీ, ప్రచురణకర్త హెట్జెల్ పడనివ్వలేదనీ ఆ పెద్దాయనే చెప్పారు.

వెర్న్ అనగానే సైన్సు ఫిక్షన్ ముద్ర వేసి వదిలేస్తాం. 1828లో నాంత్‌లో లాయరు ఇంట పుట్టి, నాటకాలు రాసి, ప్యారిస్ షేర్ మార్కెట్‌లో పనిచేసి, 1863లో బెలూన్ నవలతో పేరు తెచ్చుకున్న రచయిత ఆయన. నా దృష్టిలో చరిత్ర ఆయనకు యంత్రాలంత ముఖ్యం. నాటిలస్‌ను నడిపేది విద్యుత్తు, నెమోను నడిపేది 1857 నాటి గాయం. భారతదేశం చూడకుండానే 1880లో ‘స్టీమ్ హౌస్’లో మళ్లీ 1857నే ఎత్తుకుని, ఆ తిరుగుబాటు నాయకుడు నానాసాహెబ్‌ను తెచ్చాడు. ఆ పుస్తకం కూడా కావాలని చెప్పి వచ్చాను.

ఇబ్బందులూ ఉన్నాయి. బిల్లు ఇవ్వరు, కాబట్టి బడి నిధులతో కొనలేం. వెలుతురు చాలదు, పై అరలు అందవు, ఫోనులో చెల్లింపు కుదరదు. చదివి తిరిగిస్తే సగం ధర వెనక్కి ఇస్తారు. విద్యార్థులకు ఇది గొప్ప వెసులుబాటు. శుక్రవారం నమాజు వేళ మూసి ఉంటుంది, మూడు దాటాక వెళ్లండి.