మూత్రంలో రక్తానికి సీటీ తీయిస్తున్నరా? డై ఎక్కించిన్రో లేదో చూసుకోండ్రి

హన్మకొండల స్కానింగ్‌కు పోయేటోళ్లు ఇది చదివి పోండ్రి.

మా బాపుకు నొప్పి ఏం లేకుండ మూత్రం ఎర్రగ వచ్చింది. అరవై దాటినయి, బీడీలు మస్తు తాగుతడు. యూరాలజీ డాక్టర్ సీటీ యూరోగ్రామ్ రాసిచ్చిండు, అంటే డై (స్కాన్‌ల తెల్లగ కనవడే మందు) నరంలకు ఎక్కించి కిడ్నీలు, మూత్రనాళాలు, మూత్రసంచి చూసే స్కాన్. సెంటరోళ్లు బిల్లు కూడ అట్లనే కొట్టిన్రు, డై పైసలు వేరే. లోపలికి తీస్కపోయి ఇట్ల పండవెట్టి అట్ల లేపి పంపిన్రు. చేతికి సూది గుచ్చిన జాడ లేదు, దూది ముక్క లేదు. రిపోర్టుల "రాళ్లు లేవు, కిడ్నీలు నార్మల్". బాపు సంబురపడి నడువుండ్రి, నర్సంపేట బస్సు దొరుకుతది అన్నడు.

డాక్టర్ సీడీ వేసి చూసి మొదలే "డై ఏది?" అన్నడు. వాళ్లు తీసింది ప్లెయిన్ కేయూబీ, అంటే డై లేకుండ కిడ్నీలు, నాళాలు, మూత్రసంచికి తీసే సీటీ. రాళ్లు పట్టడానికి అది మంచిదే, గడ్డల సంగతి దాంతోని తేలదు. యూరోగ్రామ్ అంటే మామూలుగ మూడు విడతలు: డై లేకుండ ఒకసారి, నరంలకు డై ఎక్కించి నిమిషంన్నరకు కిడ్నీలు, డై మూత్రంలకు దిగేదాక ఓ పది నిమిషాలు ఆగి మళ్లోసారి. అప్పుడు నాళాలు, మూత్రసంచి తెల్లగ నిండుతయి. గడ్డ ఉంటే ఆ తెలుపుల నల్లగ ఖాళీ కనవడుతది.

సెంటర్‌కు పోయి అడిగితే "పెద్దమనిషి గదా, డై పడదని ఆపినం" అన్నరు. క్రియాటినిన్ (కిడ్నీల పనితనం చూసే రక్తపరీక్ష) ఎక్కువుంటే, డై అలర్జీ ఉంటే ఆపుతరు, కాదనను. మరి మా బాపు క్రియాటినిన్ రిపోర్టు అడిగిందెవరు? నార్మల్ అని నా ఫైల్లనే ఉన్నది. నిజంగ ఆపితే డాక్టర్‌కు చెప్పాలె, రిపోర్టుల రాయాలె, పైసలు వాపసియ్యాలె.

వేరే కాడ మళ్లా తీయించినం, ముసలాయనకు మళ్లా రేడియేషన్. మూత్రసంచి గోడకు చిన్న గడ్డ ఉన్నది. బయాప్సీకి పంపిన్రు.

టేబుల్ ఎక్కకముందే చేతికి క్యాన్యులా (డై ఎక్కించే సూదిగొట్టం) పెడ్తరా అని అడుగుండ్రి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వేసుకుంటే ముందే చెప్పుండ్రి. డై ఇచ్చిన్రా, ఎన్ని విడతలు తీసిన్రు అన్నది రిపోర్టు మొదట్లనే రాసుండాలె. సీడీ లేకుండ కౌంటర్ దాటొద్దు. ఇంకోటి, స్కాన్ బాగొచ్చినా డాక్టర్ సిస్టోస్కోపీ (సన్న కెమెరా గొట్టంతోని మూత్రసంచి లోపల చూసుడు) చేయాలంటే వద్దనకుండ్రి. సంచి లోపలి పొర మీది చిన్న గడ్డలు స్కాన్‌కు చిక్కకపోవచ్చు. రక్తం దానంతట అది ఆగింది గదా అని ఊకుంటరు కొందరు, అదీ వద్దు.

బిల్లు, రెండు సీడీలు దగ్గర పెట్టుకొని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేసిన. ఇప్పుడు డై పైసలు ఇస్తమంటున్నరు. నాకు స్కాన్ పైసలు మొత్తం కావాలె.